గౌను నడుములో రెండు అతుకులు

ఆ సినిమా పేరు చెప్పను. ఆ గౌను మొదట తొడుక్కున్న తార పేరు, అది కుట్టించిన స్టూడియో పేరు కూడా చెప్పను. నేను పనిచేసిన మ్యూజియం పేరు అసలే చెప్పను. ఇప్పుడు నేనుంటున్న క్యారీ ఊళ్ళో మా తెలుగు చర్చికి వచ్చే కుర్రకారు ఏ మాట వినబడినా ఫోను తీసి నిమిషంలో వెతికి పట్టేస్తారు. అందుకే ముందే చెబుతున్నాను, దీన్ని వెతక్కండి. వివరాలు కొన్ని కావాలనే మార్చాను. పైగా తెలుగులో రాస్తున్నాను కాబట్టి, చదవకూడని వాళ్ళు దీన్ని చదవలేరన్న ధైర్యం ఒకటి ఉంది నాకు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒకమ్మాయి అడిగింది. "ఆంటీ, మీ కెరీర్‌లో మీరు బాగా ప్రౌడ్‌గా ఫీలైన ప్రాజెక్ట్ ఏది?" అని. అప్పటికి ఏదో చెప్పి మాట దాటేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది మాత్రం ఈ గౌనే. దానికి ప్రౌడ్ అన్న మాట సరిపోతుందో లేదో మీరే చెప్పాలి.

లాస్ ఏంజిలిస్‌లో పాత సినిమా దుస్తుల్ని కాపాడే పని నాది. జీవితమంతా అదే చేసి రిటైరయ్యాను. బంధువులు మాత్రం చివరిదాకా నన్ను "అమెరికాలో టైలరింగ్ చేస్తుంది" అనే పరిచయం చేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. సూదీ దారమూ పట్టుకుని కూర్చునేదాన్నే. కాకపోతే టైలరు గుడ్డని మనిషికి సరిపోయేట్టు మారుస్తాడు. మేము ఏదీ మార్చకూడదు. చిరిగితే ఇంకా చిరగకుండా పట్టి ఉంచాలి, మరక ఉంటే అది ఎక్కడిదో తెలిసేదాకా ముట్టుకోకూడదు. ఏం చేసినా, రేపు ఇంకొకరు విప్పేయగలిగేట్టు చేయాలి. మా పని మొత్తానికి సూత్రం అదొక్కటే.

ఇప్పుడంటే ఒక్కో సినిమాకి ఒక్కో బృందం కుదురుతుంది గానీ, ఆ కాలంలో స్టూడియోలకు సొంత కుట్టుశాలలు ఉండేవి. పెద్ద హాలు, వరసగా బల్లలు, వాటి దగ్గర కత్తిరించేవాళ్ళు, కుట్టేవాళ్ళు, పూసలు గుచ్చేవాళ్ళు, ఒంటి మీద తొడిగి కొలత సరిచూసేవాళ్ళు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. తెర మీద పేరు మాత్రం ఒక్క డిజైనర్‌దే పడేది. నలుపు తెలుపు సినిమాల్లో అచ్చ తెలుపు గుడ్డ లైట్ల కింద మరీ మెరిసిపోతుందని, పెళ్ళి గౌన్లని కూడా టీ నీళ్ళ రంగులో ముంచేవారు. తెర మీద మీరు మంచులా చూసిన గౌను దగ్గరికొస్తే పాలు తక్కువైన టీలా ఉంటుంది.

తార వేసుకున్న గౌను ఆ సినిమాతో అయిపోయేది కాదు. సినిమా పూర్తవగానే అది గోదాములోకి వెళ్ళేది. కొన్నేళ్ళకి ఇంకో సినిమాలో గుంపులో నాట్యం చేసే అమ్మాయికి దాన్నే సరిచేసి తొడిగేవారు. కురచ చేసేవారు, రంగు మార్చేవారు, చేతులు పీకేసేవారు. నడుము పట్టీ లోపల తార పేరున్న గుడ్డముక్క పక్కనే కొత్త అమ్మాయి పేరు కుట్టేవారు. కాబట్టి మా దగ్గరికొచ్చిన గౌన్లలో ఒక్కరి కొలతతో మిగిలినవి చాలా తక్కువ.

నేను చెప్పబోయే గౌను కూడా అలాంటిదే. టీ రంగు శాటిన్, మన టైలర్లు క్రాస్ కటింగ్ అంటారే, అలా గుడ్డని ఐమూలగా కత్తిరించి కుట్టింది. అలా కుట్టిన బట్ట ఒంటికి అంటుకుపోతుంది. లోపల ఏదీ దాచుకోవడానికి వీలుండదు. మొదట పెద్ద తార కోసం కుట్టారు. తర్వాత ఒక నాట్యం సినిమా కోసం మార్చారు. రెండు పక్కలా చంక కింది నుంచి తుంటి దాకా పొడవాటి అతుకులు వేశారు. వెనకాల నేల మీద జీరాడాల్సిన అంచు కత్తిరించేసి ఉంది.

మ్యూజియంలో ఆ గౌనుని పెట్టబోయే ప్రదర్శన బాధ్యతంతా ఒక తెలుగమ్మాయిది. అంటే క్యూరేటర్. ఏ వస్తువు పెట్టాలి, దాని పక్కన బోర్డు మీద ఏం రాయాలి అన్నీ తనే నిర్ణయించాలి. జెర్సీ సిటీలో పుట్టి పెరిగింది. పెద్ద హాలులో తనకి అదే మొదటి ప్రదర్శన. మీటింగుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేది, కారిడార్‌లో ఒంటరిగా దొరికితే ఆంటీ అనేది. చురుకైన పిల్ల, పట్టిన పట్టు వదలదు. నాకు తనంటే ఇష్టం. అప్పుడప్పుడు ఒళ్ళు మండేది కూడా.

"ఆంటీ, ఆ సైడ్ పీసులు రిమూవ్ చేసేయొచ్చు కదా?" అంది మొదటి వారంలోనే. "స్టార్ వేసుకున్న షేప్ కావాలి నాకు. జనం దానికోసమే వస్తారు."

"అతుకులు కూడా గౌను చరిత్రేనమ్మా. తీసేస్తే మళ్ళీ రాదు."

"అది జస్ట్ ఎవరో ఎక్స్‌ట్రా డాన్సర్ కోసం చేసిన రిపేర్. ఎవరికి కావాలి?"

ఎవరికి కావాలో నిరూపిద్దామనే పంతంతో గౌనుని బల్ల మీద పరిచి, కింద దీపం పెట్టి చూడడం మొదలుపెట్టాను. శాటిన్‌కి ఒక గుణం ఉంది. సూది దిగిన రంధ్రం దాంట్లో శాశ్వతంగా ఉండిపోతుంది. కుట్టు విప్పేసినా చుక్కల వరస కనిపిస్తుంది. అతుకుల అంచున అలాంటి వరస ఒకటి కాదు, ఒకదాని పక్కన ఒకటి చాలా కనిపించాయి. అంటే ఆ అతుకుల్ని ఒక్కసారే వేసి వదిలేయలేదు. కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ విప్పి వదులు చేశారు. భుజాల దగ్గర, చేతుల దగ్గర ఒక్క కుట్టూ మారలేదు. ముందు వైపు కింది అంచు మాత్రం కాస్త దించి ఉంది, వెనక వైపు, జీరాడే అంచు కత్తిరించాక, మళ్ళీ దించలేదు.

మా అమ్మ గుంటూరులో ఇంటి దగ్గరే మిషను కుట్టేది. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు జాకెట్లు వదులు చేయించుకోవడానికి వచ్చేవారు. మనిషి లావైతే భుజాలు, చేతులు కూడా లావవుతాయి. నడుము ఒక్కటే వారం వారం పెరుగుతూ, ముందు వైపు బట్ట పైకి లేచిపోతోందంటే అది లావు కాదు. పసిపిల్లగా మిషను పక్కన కూర్చుని చూసినదాన్ని, నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మీటింగులో చెప్పాను. ఆ నాట్యకత్తె కడుపుతో ఉందని, షూటింగ్ జరిగినన్నాళ్ళూ కుట్టుశాలలో ఆడవాళ్ళు ఆ సంగతి బయటపడకుండా గౌను వదులు చేస్తూ వచ్చారని, అందుకు కావలసిన శాటిన్ కోసమే వెనక అంచు కత్తిరించారని చెప్పాను. ఆ రోజుల్లో పెళ్ళికాని అమ్మాయికి కడుపు వచ్చిందని తెలిస్తే స్టూడియో ఏం చేసేదో అక్కడ అందరికీ తెలుసు. ఉద్యోగం పోవడం అందులో చిన్న సంగతి.

మా క్యూరేటర్ కళ్ళు మెరిశాయి. అతుకులు తీసేయమన్న పిల్లే వారం తిరిగేలోగా ఆ గౌనుని హాలు మధ్యలో పెట్టాలని తీర్మానించింది. తార కథ పక్కకి పోయింది. దాచిన కడుపు, దాన్ని దాచిన చేతులు, వీటి మీదే ప్రదర్శన అంతా నిలబెట్టింది. నాకూ సంతోషంగానే ఉంది. నా చదువుకీ అనుభవానికీ ఇంత విలువ ఇచ్చినవాళ్ళు అంతకు ముందు లేరు.

మా దగ్గర గౌన్లు నిలబెట్టే బొమ్మలు, అంటే మానెక్విన్లు, తయారుచేసే ఆయన ఒకరుండేవారు. పెద్దవాడు, నాటక రంగం నుంచి వచ్చినవాడు, మాటలు తక్కువ. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు బొమ్మ చేసి దానికి గౌను తొడగడు. గౌను లోపల పలచని దూది పొరలు ఒక్కొక్కటే సర్దుకుంటూ పోతాడు. గుడ్డ ఎక్కడా లాగకుండా, ఎక్కడా వేలాడకుండా కుదిరినప్పుడు ఆపుతాడు. బట్ట ఎలా చెబితే ఒళ్ళు అలా వస్తుందనేవాడు. ఈ గౌనుకీ అలాగే చేశాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి కిటికీ పక్కన తల లేని ఒక పిల్ల నిలబడి ఉంది. సన్నని భుజాలు, నిటారైన వీపు, ముందుకి ఉబికిన చిన్న పొట్ట.

"నా భార్యని మూడుసార్లు ఇలా చూశాను" అన్నాడాయన. "ఐదో నెల ఉంటుంది."

ఈలోగా క్యూరేటర్ ఆ నాట్యకత్తెని వెతికి పట్టుకుంది. నడుము పట్టీలో రెండో పేరు ఉంది కదా, దాన్నిబట్టి. ఆవిడ బతికే ఉన్నారు. ఎనభై అయిదు దాటాయి, కూతురి దగ్గర ఉంటున్నారు, ఊరవతల గంట దూరంలో. మీరు వేసుకున్న గౌను దొరికింది, వచ్చి చూస్తారా అని మావాళ్ళు ఫోనులో అడిగారు. కడుపు సంగతి చెప్పలేదు. దాన్ని కెమెరా ముందు అడిగితే బాగుంటుందని మా క్యూరేటర్ ఆలోచన. నేను అది సరి కాదన్నాను గానీ గట్టిగా అడ్డుపడలేదు. ఆవిడే గర్వంగా చెప్పుకుంటుందేమోనని నాకూ లోపల ఆశ ఉండింది.

కెమెరా వాళ్ళు మధ్యాహ్నం రావాలి. ట్రాఫిక్‌కి భయపడి తల్లీ కూతుళ్ళు పొద్దున్నే వచ్చేశారు. వచ్చేవాళ్ళు వచ్చేలోగా బొమ్మ మీద దుప్పటి కప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. మాకు అది పని. రోజూ చూసి చూసి అది ఒక మనిషి ఒళ్ళు అన్న సంగతి మర్చిపోయాం. తలుపు తీయగానే ఎదురుగా ఇరవయ్యేళ్ళ తన శరీరం, ఐదో నెల పొట్టతో సహా, ఆవిడకి కనిపించింది.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు. చేతికర్ర ఉన్నా వీపు మాత్రం వంగలేదు, నాట్యం చేసినవాళ్ళ వీపు అది. కూతురు అరవై దాటిన మనిషి, కలుపుగోలుది, గలగలా మాట్లాడేది. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి, నేను తెలుగులో చెబుతున్నాను.

"అమ్మా, ఇదేనా నీ గౌను? అదేంటి, ఈ బొమ్మ కడుపుతో ఉన్నట్టుందే" అని నవ్వింది కూతురు.

బొమ్మల ఆయన నా వైపు చూశాడు. తల్లి ఎవరి వైపూ చూడలేదు. కర్ర మీద ఆవిడ వేళ్ళు తెల్లబడడం నేను చూశాను. అప్పుడు అర్థమైంది నాకు. కూతురికి తెలియదు.

"దూది ఇంకా సర్దలేదండీ" అన్నాను. "పని మధ్యలో ఉంది. అలాగే ఉబ్బుగా కనిపిస్తుంది మొదట్లో."

ఆవిడ అప్పుడు నన్ను చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కూతురితో, కారులో స్వెటర్ మర్చిపోయాను, చలిగా ఉంది, తెచ్చిపెట్టమన్నారు. బొమ్మల ఆయన కూడా దారి చూపిస్తానని కూతురితో వెళ్ళాడు. కారు చాలా దూరంలో ఆపారు కాబట్టి మాకు కొంత వ్యవధి దొరికింది.

"మీరేనా కనిపెట్టింది?" అన్నారు ఆవిడ.

"అవునండీ."

"కుట్లు చూసి?"

"కుట్లు చూసే."

"ఎవరికైనా చెప్పారా?"

ఏం చెప్పను. అప్పటికే బోర్డు మీద రాయాల్సిన మాటలు కూడా సిద్ధమైపోయాయి. అందరికీ తెలుసన్నాను. మీ అమ్మాయికి మాత్రం ఎవరూ చెప్పలేదన్నాను. ఆవిడ కుర్చీ అడిగి కూర్చున్నారు.

"కొలతలు చూసే ఆవిడ ఒకామె ఉండేది" అని మొదలుపెట్టారు. "నోట్లో ఎప్పుడూ గుండుసూదులే. అందుకని ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకరోజు గౌను తొడిగి, నడుము దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయింది. అద్దంలో నా మొహం చూసింది. నోట్లో సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టింది. అయిపోయింది నా పని అనుకున్నాను. ఆమె హాలంతా వినబడేట్టు అంది, ఉతికేవాళ్ళు మళ్ళీ పాడుచేశారు, గుడ్డ ముడుచుకుపోయింది అని. కుట్టేవాళ్ళు తలెత్తి చూశారు. అవును, ఈ శాటిన్ ముడుచుకుంటుంది అని ఇంకొకామె అంది. ఇక అక్కడి నుంచి ప్రతి వారం గుడ్డ ముడుచుకుంటూనే ఉంది. నన్ను ఒక్కరు ఒక్క మాట అడగలేదు. సెట్టు మీద ఎవరైనా అడిగితే మాత్రం అందరూ అదే మాట చెప్పేవారు."

షూటింగ్ అయిపోయాక ఆవిడ వేరే ఊరు వెళ్ళారు. చర్చి వాళ్ళు నడిపే ఒక ఇంట్లో ప్రసవమైంది. బిడ్డని అక్కడే ఇచ్చేశారు.

"ఆడపిల్ల అనుకుంటాను. ఏడుపు విన్నాను. చూపించమని అడగలేదు. వెతకనని మాటిచ్చాను వాళ్ళకి. మా ఆయనకి చెప్పలేదు, ఆయన పోయారు. పిల్లలకి చెప్పలేదు. మా అమ్మాయి చాలా మంచిది. తెలిస్తే నన్ను ఒక్క మాట అనదు. కానీ వెతుకుతుంది. ఇప్పుడు వెతకడం తేలిక కదా. ఆ బిడ్డకి తనెవరో తెలుసో తెలియదో, తెలుసుకోవాలని ఉందో లేదో. నేను ఇచ్చిన మాట మా అమ్మాయి తప్పుతుంది, నా మీద ప్రేమతోనే." ఆవిడ బొమ్మ వైపు చూడకుండా అడిగారు. "ఆ బోర్డు మీద నా పేరు రాస్తారా?"

ఎన్నో మరకలు చూసి అది రక్తమా చెమటా అని తేల్చి చెప్పినదాన్ని నేను. ఆ మరకల వెనక మనిషి ఎదురుగా కూర్చుని ఇలా అడుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు. రాయనివ్వనని మాటిచ్చాను. ఎలాగో మాత్రం నాకు తెలియదు.

మధ్యాహ్నం కెమెరా వాళ్ళు వచ్చేసరికి ఆవిడకి నలతగా ఉందని చెప్పి పంపించేశాను. క్యూరేటర్ మొహం మాడిపోయింది. తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"వాట్ హాపెండ్ ఆంటీ? వన్ అవర్ డ్రైవ్ చేసుకుని వచ్చింది ఆవిడ. మీరు ఇంటర్వ్యూ క్యాన్సిల్ చేసేశారు."

"ఆ బోర్డు తీసేయమ్మా."

"ఎందుకు?"

"నేను చెప్పింది నిరూపించలేను."

"రెండు నెలల క్రితం హండ్రెడ్ పర్సెంట్ ష్యూర్ అన్నారు. నన్ను కన్విన్స్ చేసింది మీరే. ఇప్పుడు రాంగ్ అంటారా?" తను కాసేపు నన్ను చూసింది. తెలివైన పిల్ల. "ఆవిడ మీకు ఏదో చెప్పింది."

"ఏం చెప్పిందో నేను చెప్పను."

తన గొంతు మారిపోయింది. "మీ జెనరేషన్ అంతా ఇంతే ఆంటీ. అన్నీ హైడ్ చేస్తారు. మా ఇంట్లోనూ అంతే. మా పిన్నికి డివోర్స్ అయిందని నాకు కాలేజ్‌లో తెలిసింది. వై? సిగ్గు పడాల్సింది ఆడవాళ్ళా? ఆ కుట్టినవాళ్ళు ఎంత బ్రేవ్. వాళ్ళ పేర్లే లేవు ఎక్కడా. ఇప్పుడు కూడా మనం చెప్పకపోతే వాళ్ళని మళ్ళీ ఎరేజ్ చేసినట్టే కదా?"

తను అన్నదాంట్లో అబద్ధం లేదు. చరిత్ర రాసేవాళ్ళు అలాగే అడగాలి. నాకు తోచింది మాత్రం చెప్పాను.

"వాళ్ళు కుట్టింది దాచడానికేనమ్మా. మనం మెచ్చుకుంటామని కాదు. ఆ డాన్సరు పిల్ల సంగతి బయటపడకూడదని. ఆ పిల్ల ఇంకా బతికే ఉంది. వాళ్ళ పని ఇంకా అయిపోలేదు."

తను బల్ల మీద ఉన్న బోర్డు కాగితం ముందుకి లాక్కుంది. తర్వాత ఇంగ్లీషులోకి మారింది, అంటే ఇక క్యూరేటర్‌గా మాట్లాడుతోందన్నమాట. ఇంత పెద్ద మార్పుకి కారణం కావాలని, ఆ కారణం నేనే మీటింగులో అందరి ముందూ చెప్పాలని అంది. తను నా తరఫున చెప్పదు. సరే అన్నాను.

ఆ మీటింగుకి పైఅధికారులు కూడా వచ్చారు. నా రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది. ఈ గౌను మీద నేను రాసిన వ్యాసం అచ్చుకి వెళ్ళాల్సి ఉంది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. కుట్ల వరసలు నేను అనుకున్న కారణం వల్ల పడ్డాయని చెప్పలేమన్నాను. గుడ్డ ముడుచుకోవడం వల్ల మళ్ళీ మళ్ళీ వదులు చేసి ఉండవచ్చన్నాను. మా మ్యూజియం డైరెక్టర్ కళ్ళద్దాలు తీసి నా వైపు చూశారు.

"శాటిన్ అంతగా ముడుచుకుంటుందా? అదీ నడుము దగ్గర మాత్రమే?"

ముడుచుకోదు. ఆ గదిలో గుడ్డ గురించి కాస్త తెలిసిన వాళ్ళెవరికైనా అది తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక దారప్పోగు గురించి కూడా నేను అబద్ధం చెప్పలేదు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా బల్ల చివర నుంచి బొమ్మల ఆయన గొంతు వినిపించింది.

"ముడుచుకుంటుంది. నాటకాల్లో పనిచేసేటప్పుడు చాలాసార్లు చూశాను."

అందరూ క్యూరేటర్ వైపు తిరిగారు. ప్రదర్శన తనది. ఒప్పుకోకపోతే నా మాట అక్కడే పడిపోతుంది. తను కాగితాల మీద పెన్సిల్‌తో ఏదో కొట్టేస్తూ, తలెత్తకుండా అంది. "ఈ శాటిన్ ముడుచుకుంటుందని నేనూ విన్నాను. బోర్డు మారుస్తున్నాను." గుడ్డ ముడుచుకునే మాట ఆ పెద్దావిడ నాతో ఒంటరిగా అన్నది. మా క్యూరేటర్‌కి నేను ఆ కథ చెప్పలేదు, బొమ్మల ఆయనకీ చెప్పలేదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఎవరికి ఎంత అర్థమైందో నేను ఎవర్నీ అడగలేదు.

మీటింగయ్యాక వెనక నుంచి ఎవరో అన్నారు, వయసు మీద పడ్డాక చూపు తప్పడం సహజమేలే అని. నేను వినబడనట్టు నడిచాను. మండింది మాత్రం నిజం. నా చూపు ఎప్పుడూ తప్పలేదు.

తర్వాత నేనూ బొమ్మల ఆయనా కలిసి గౌను మళ్ళీ విప్పాం. ఆయన లోపలి దూది పొరలు వేసినట్టే ఒక్కొక్కటే తీశాడు. పొట్ట కొంచెం కొంచెంగా తగ్గిపోతుంటే ఇద్దరం బొమ్మ వైపు చూడకుండా చేతుల వైపే చూస్తూ పనిచేశాం. అతుకుల్ని నేను కత్తిరించలేదు. రెండింటినీ నిలువునా లోపలికి మడిచి, వెంట్రుక కంటే సన్నని పట్టు దారంతో, పాత కుట్టు రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి పట్టి ఉంచాను. కొత్త రంధ్రం ఒక్కటి కూడా పడలేదు. నేను చేసిన పనుల్లో అంత సున్నితంగా చేసింది ఇంకోటి లేదు. గౌను సన్నగా, తార వేసుకున్నప్పటిలా నిలబడింది. బోర్డు మీద తార పేరు, డిజైనర్ పేరు, చివర ఒక్క వాక్యం: తర్వాతి కాలంలో ఒక నాట్యకత్తె కోసం మార్చబడింది.

ప్రదర్శన మొదలైన రోజు తల్లీ కూతుళ్ళు మనవలతో వచ్చారు. జనం గౌను చుట్టూ గుమిగూడి, అబ్బ ఎంత సన్నని నడుము అనుకుంటున్నారు. కూతురు బోర్డు చదివి కాస్త నొచ్చుకుంది.

"ఒక నాట్యకత్తె ఏమిటి? అమ్మ పేరు ఎందుకు వేయలేదు మీరు?"

"నేనే వద్దన్నాను" అన్నారు ఆవిడ. "వెళ్ళి పిల్లల్ని చూడు, సినిమా చూపించే ఆ తెర మీద పడతారు."

కూతురు అటు వెళ్ళాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. గౌను వంక చూస్తూనే, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగారు.

"తీసేశారా?"

ఆ ఒక్క మాటలో ఉన్న భయం నాకు అప్పుడు తెలిసింది. దాచమన్నారు గానీ, లేకుండా చేయమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

"లేదండీ. లోపలికి మడిచి పెట్టాను. దారం విప్పితే మళ్ళీ వచ్చేస్తాయి."

"రెండూ ఉన్నాయా?"

"రెండూ ఉన్నాయి. ఏదీ కత్తిరించలేదు."

ఆవిడ తలాడించారు. గాజు పెట్టె దగ్గరికి వెళ్ళి, గౌను నడుముకి ఎదురుగా అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. గాజు ముట్టుకోకూడదని చెప్పడానికి గార్డు అటు వస్తుంటే నేను అడ్డం వెళ్ళి, కాసేపు ఆగమన్నాను.